చేదు ట్యూబు

పెద్ద డాక్టరు బక్షీ నా బుగ్గను నాలుగు పట్నాలు తిప్పాడు. నన్ను కాదు, నా బుగ్గ ఫోటోను. గోడ మీద మంచమంత వెడల్పున నా నోటి లోపలి భాగాన్ని పరిచి, "ఈ ముసలామెకు మేమిచ్చింది ఉత్త జిగురు. అయినా మచ్చ మాయమైంది. కాబట్టి మా మందులో పసలేదని తేలింది" అని చెప్పాడట. విన్నవాళ్లు చప్పట్లు కొట్టారట. ఆ బుగ్గ గురించి నన్నొక్క మాట అడిగి ఉంటే చప్పట్లు కొట్టే పని ఉండేది కాదు. అడగలేదు. చదువుకున్నవాళ్లు మమ్మల్ని నోరు తెరవమంటారు గాని మాట్లాడమనరు.

నా పేరు దుకల్హిన్. కరువులో పుట్టినందుకు ఆ పేరు పెట్టారు. మాది శివనాథ్ నది ఒడ్డున సెమర్‌డీహ్. ఈ సంగతిలో రెండో బుగ్గ మా భోజలీది. ఆమె అసలు పేరు నేను పలకకూడదు. మాకు తొమ్మిదేళ్లప్పుడు, రాఖీ మర్నాడు, చీకటి గదిలో బుట్టలో పెంచిన పసుపురంగు గోధుమ మొలకల్ని నదిలో వదిలి, నాలుగు మొలకలు మిగుల్చుకుని ఒకరి చెవి వెనక ఒకరం దోపుకున్నాం. ఆ మొలకల పేరే భోజలీ. ఆ పూట నుంచి ఆమె నాకు భోజలీ, నేను ఆమెకు భోజలీ. పేరు పెట్టి పిలవకూడదు. నువ్వు అనకూడదు. దొరికింది ఒక్కతే తినకూడదు. తిట్టుకోవాలన్నా మీరు అనే తిట్టుకోవాలి. అరవై మూడేళ్లుగా అలాగే తిట్టుకుంటున్నాం.

ఆమె పెళ్లయి మా పుట్టినూరి నుంచి ఈ ఊరికి వచ్చేసినప్పుడు బండి మలుపు తిరిగేదాకా చూసి, ఇంటికొచ్చి మూడు రోజులు అన్నం ముట్టలేదు. మా నాన్న విసిగిపోయి నాకూ ఇదే ఊళ్లో సంబంధం వెతికాడు. పెళ్లికొడుకులో ఏం చూశారని చుట్టాలు అడిగేవారు. ఊరు చూశాం. ఆయనలో చూడటానికి ఇంకేమీ లేదని తర్వాత తెలిసింది. ఇటుక బట్టీల పనికని వెళ్లాడు, ముప్పై ఏళ్లయింది, ఏ బట్టీ దగ్గర ఆగిపోయాడో కబురు లేదు. కూతుళ్లు అత్తారిళ్లకు పోయారు. నాకు మిగిలింది భోజలీ ఒక్కతే. పక్కింట్లో ఆమె దగ్గితే ఇక్కడ నా గుండె దడదడలాడుతుంది.

ఇక గుడాకు సంగతి. పొగాకు పొడి, బెల్లం మడ్డి, సున్నం కలిపిన నల్లటి ముద్ద అది. చిన్న రేకు డబ్బాలో వస్తుంది. మా వైపు ఆడవాళ్లం దాన్ని వేలితో తీసి పళ్లకూ చిగుళ్లకూ రుద్దుకుని, పళ్లు తోముకుంటున్నాం అంటాం. రోజుకు ఎనిమిది సార్లు పళ్లు తోముకునే శుభ్రమైన మనుషులం. తల కాస్త తిరిగి ఒళ్లు తేలికైతే గాని మా పొయ్యి వెలగదు. నేను చదవడం నేర్చుకున్నది కూడా ఆ డబ్బాల మీదే. ఎవరూ నేర్పలేదు. రేషన్ సంచులు, పొట్లాల కాగితాలు, డబ్బాల మూతలు పట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. మొట్టమొదట తడబడకుండా చదివిన వాక్యం, దీనివల్ల నోటి క్యాన్సరు వస్తుంది అన్నది. చదవగలిగానన్న సంబరంలో ఆ రోజు ఒక వేలు ఎక్కువే రుద్దుకున్నాను.

పోయిన వానాకాలం మొదట్లో మితానిన్ గనేశియా ఇల్లిల్లూ తిరిగింది. మితానిన్ అంటే మా మాటలో ప్రాణస్నేహితురాలు. ప్రభుత్వం ఆ మాట పట్టుకుపోయి, ఊళ్లో మందుబిళ్లలు పంచే మనిషికి అంటించింది. నది ఒడ్డున కలుపుకోవలసిన చుట్టరికాన్ని రిజిస్టరులో సంతకం చేయించుకుని ఇచ్చారు.

"కాకీ, రేపు ఇద్దరూ బడి దగ్గరకు రండి. పట్నం నుంచి పళ్ల డాక్టర్లు వస్తున్నారు. నోరు చూస్తారంట" అంది గనేశియా. పిన్నిని మా వైపు కాకీ అంటారు.

"నా నోరు ఊరంతా చూసిందే కదే. కొత్తగా ఏం చూస్తారు?" అంది భోజలీ.

"లోపల చూస్తారంట."

"బయట కంటే లోపల ఘోరం. ముందే చెప్పు, జడుసుకుంటారు."

మర్నాడు బడిలో బక్షీ గుమ్మం దగ్గరే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. మా నోళ్లలోకి తొంగిచూసే పని చిన్న డాక్టరుది. ఆ పిల్ల పేరు అర్పణా టిర్కీ. జశ్‌పూర్ అడవుల వైపు పిల్ల. లైటు వేసి, చెక్కపుల్లతో బుగ్గ తోసి చూసి, "దాయీ, గుడాకు ఇక్కడే పెట్టుకుంటావా?" అంది. దాయీ అంటే అమ్మ. పెట్టుకునేచోటే తెల్ల మచ్చ ఉంది. నాది గోరంత. భోజలీది వేపాకంత పొడవు. గీకినా పోదు.

అలాంటి మచ్చలున్న ఆడవాళ్లను నలభై మందిని ఏరారు. కొత్త మందు వచ్చిందట. బుగ్గలో రాసుకునే జిగురు లాంటి మందు. అది పనిచేస్తుందో లేదో చూడాలట. ఆరు నెలలు గుడాకు మానేసి, రోజుకు మూడు పూటలు రాసుకోవాలి. పదిహేను రోజులకోసారి ట్యూబులు ఇస్తారు, ఫోటో తీస్తారు. అందరూ వేలిముద్రలు వేశారు. నేను మాత్రం కాగితం చదువుతానన్నాను.

"నాలుగు పేజీలమ్మా. చదువుతూ కూర్చుంటే పొద్దుపోతుంది" అన్నాడు బక్షీ గుమ్మం నుంచే.

"పొద్దు పోతే మళ్లీ వస్తుంది సార్. బుగ్గ పోతే రాదు" అన్నాను.

మూడో పేజీలో ఉంది అసలు సంగతి. సగం మందికి మందు, సగం మందికి మందులాగే కనిపించే ఉత్త జిగురు. ఎవరికి ఏది ఇచ్చారో వాడేవాళ్లకూ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు.

"ఇచ్చేవాళ్లకే తెలియకపోతే తెల్లకోటు ఎందుకమ్మా?" అని టిర్కీని అడిగాను.

ఆ పిల్ల నవ్వింది. "తెలిస్తే మా కళ్లే మమ్మల్ని మోసం చేస్తాయి దాయీ. మందు రాసుకున్నవాళ్ల మచ్చ తగ్గకపోయినా తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకని ఏ నంబరు ఏదో కవరులో పెట్టి సీలు వేశారు. ఆరు నెలల తర్వాతే తెరుస్తాం."

"అందాకా ఇరవై మంది జిగురు నాకుతూ కూర్చోవాలా?"

"వాళ్ల చేతా గుడాకు మానిపిస్తున్నాం కదా. అదీ వైద్యమే. ఎవరికి ముదిరినట్టు కనిపించినా ఆ రోజే ఆస్పత్రికి పంపిస్తాం."

ఆ పిల్ల చెప్పిందాంట్లో అబద్ధం లేదు. నా భయంలోనూ అబద్ధం లేదు. దారి పొడుగునా భోజలీ చేతిలోని ట్యూబునే చూస్తూ నడిచాను.

నాకు పదిహేడో నంబరు, భోజలీకి పద్దెనిమిది. ఇంటికి రాగానే మూతలు తీసి రెండూ నాలుకకు రాసుకున్నాం. నాది చేదు. నాలుక చివర చురుక్కుమంది. ఆమెది తీపి, సోంపు వాసన.

భోజలీ చప్పట్లు చరిచింది. "మందు మీకొచ్చింది భోజలీ! నాకు మిఠాయి ఇచ్చారు."

నాకూ అనుమానం లేకపోయింది. మందంటే చేదుగా ఉండాలి. వేప చేదు, నేలవేము చేదు, జ్వరం బిళ్ల చేదు. తీపి తింటే రోగాలు పోయేట్టయితే ఒక్క పెళ్లిళ్ల కాలం చాలు, ఆస్పత్రులన్నీ మూసుకోవచ్చు.

"ఇవి మార్చుకుందాం. నాది గోరంతే కదా. మీది వేపాకంత ఉంది" అన్నాను.

"ఆహా, నేను మందు మింగి మీ బుగ్గ కుళ్లబెడితే ఊళ్లో నా మొహాన ఊస్తారు. అంత దయ వద్దు."

"అయితే మిఠాయి నాకుతూ చస్తారా?"

"ఎందుకు చస్తాను? దొరికింది సగం సగం అన్నాం కదా నది దగ్గర. వయసుతో పాటు మతి కూడా పోయిందా మీకు?"

గుడాకు డబ్బాలు రెండు బూడిద వేసి తోమాను. వేడినీళ్లతో కడిగాను. రెండు ట్యూబులూ ఒకదాంట్లోకి పిండి, వేపపుల్లతో కలిపి, సగం రెండో డబ్బాలోకి తీశాను. పెద్ద చదువుల వాళ్లు సీలు వేసి దాచిన రహస్యాన్ని ఒక రేకు డబ్బాతో గెలిచానని ఆ పూట ఎంత గర్వపడ్డానో చెప్పలేను. భోజలీకి సగమైనా మందు అందుతోంది కదా అని వారం రోజులు కడుపునిండా తిన్నాను.

అంత తెలివి మా ఇద్దరికే ఉందనుకోవడం ఇంకో తెలివితక్కువతనం. ఆ నలభై మందిలో భోజలీ లేని మనిషి లేదు. భోజలీ లేకపోతే జగన్నాథుడి ప్రసాదం పంచుకుని కలిసిన మహాప్రసాద్ ఉంటుంది, అదీ లేకపోతే గంగాజలం తాగి కలిసిన గంగాజల్ ఉంటుంది. పదిహేను రోజులు తిరక్కుండానే ఊళ్లో ఏ ట్యూబూ తన బుగ్గకే పోలేదు. కొందరు డబ్బాలు కడగనే లేదు. గుడాకు మడ్డి మీదే మందు పిండి కలిపి, "ఈ మందు భలే ఉందే, తలకెక్కుతోంది" అని మెచ్చుకున్నారు.

బక్షీ రెండో విడత వచ్చినప్పుడు ఖాళీ ట్యూబులన్నీ చిన్న త్రాసులో పెట్టి తూచాడు.

"మొత్తం వాడారా?" అని అడిగాడు.

"వాడాం" అన్నారు నలభై మందీ.

అబద్ధం ఆడిన మనిషి లేదు. ఎవరిది ఎవరు వాడారని అతను అడగలేదు. నలభై మందీ తు.చ. తప్పకుండా నియమం పాటించారని రాసుకుని, ఇంత క్రమశిక్షణ పట్నంలో కూడా చూడలేదని మమ్మల్ని పొగిడాడు. మేం వినయంగా తలలు వంచుకున్నాం.

నాలుగో నెలకు నా మచ్చ పలచబడింది. ఐదో నెలకు లేదు. రోజూ పొద్దున్నే అద్దం ముందు బుగ్గ లాగి చూసుకుని, వెంటనే పక్కింటికి పరిగెత్తేదాన్ని.

"తెరవండి."

"ఇంకా బాసీ కూడా తాగలేదు, మీకు నా నోరు కావాలా!" అని విసుక్కుంటూనే తెరిచేది. బాసీ అంటే రాత్రి నీళ్లలో వేసిన అన్నం. కారం తగిలితే కళ్లనీళ్లు వస్తున్నాయని అందులో మిరపకాయ నంజుకోవడం మానేసింది. ఐదు నెలలు ఆమె మచ్చ పెరగలేదు, తరగలేదు. తర్వాత మధ్యలో ఎర్రగా ఒక గింజ లేచింది. వేలు పెడితే గట్టిగా తగిలింది. నేను బయటకొచ్చి పెరట్లో కూర్చున్నాను. ఆ విడత ఫోటోలకు వచ్చిన టిర్కీ కూడా ఆ గింజను చూసి నవ్వలేదు. చిన్న ముక్క కోసి పట్నం పంపింది. పది రోజులకు కబురు తెచ్చింది. క్యాన్సరు. మొదట్లోనే ఉంది, కోసి తీసేస్తే బతుకుతుంది. బుగ్గ లోపలి భాగం, మూడు పళ్లు, కాస్త దవడ పోతాయి.

"పళ్లు ఉన్నవే ఏడు. మూడు తీసుకుంటే నాలుగు మిగుల్తాయి. బేరం బాగానే ఉంది" అంది భోజలీ.

ఆరో నెల చివర బక్షీ వచ్చి అందరికీ తలొక బ్రష్షు పంచాడు. కవరు తెరిచారట. మందు వాడినవాళ్లకూ, జిగురు వాడినవాళ్లకూ తేడా ఏమీ లేదట. మందు పనికిరాదని తేలిపోయిందట. ఆ మాట అతను ఎంత ధీమాగా చెప్పాడంటే, ఊరు ఊరంతా నేల చూపులు చూసింది.

నేను టిర్కీని పక్కకు పిలిచాను. "ఇప్పుడు చెప్పొచ్చు కదా. పదిహేడు ఏది?"

"నీది జిగురే దాయీ."

నాకు అర్థం కాలేదు. "చేదుగా ఉందే!"

"మందు సహజంగా చేదు. జిగురు కూడా అలాగే ఉండాలని దాంట్లో చేదు కలిపారు."

"పద్దెనిమిది తీపిగా ఉంది."

"మందు చేదు తెలియకూడదని దాంట్లో తీపి కలిపారు." చెబుతూ చెబుతూ ఆ పిల్లే ఆగిపోయింది. "రెండూ ఒకేలా ఉండాలని రెండింటినీ దిద్దారు."

ఒకడు జిగురును మందులా చేశాడు, ఇంకొకడు మందును జిగురులా చేశాడు. ఇద్దరూ జీతాలు తీసుకున్నారు. నాలుక మీద పెట్టుకుని చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. మేం ఇద్దరు ముసలివాళ్లం మొదటి రోజే చూశాం. చూసి, తప్పు ట్యూబుకు దణ్ణం పెట్టాం.

బడి అరుగు మీద కూలబడ్డాను. భోజలీకి సగం మందు ఇప్పిస్తున్నానని ఆరు నెలలు మురిసిపోయాను. నేను చేసింది ఆమె మందులో సగం లాగేసుకోవడం. ఆమె సగం నా గోరంత మచ్చను కడిగేసింది. నా చేదు జిగురు ఆమె వేపాకంత మచ్చ మీద కూర్చుంది.

టిర్కీకి అంతా చెప్పేశాను. డబ్బాలు, వేపపుల్ల, భోజలీలు, మహాప్రసాద్‌లు, గంగాజల్‌లు. ఆ పిల్ల నా పక్కన అరుగు మీద కూర్చుంది.

"భోజలీని మా వైపు సహియా అంటాం" అంది. "మా అమ్మకూ ఉంది. అమ్మ దగ్గర పంచుకోని వస్తువు లేదు. మొదటి రోజు మిమ్మల్ని ఎనభై ప్రశ్నలు అడిగాను దాయీ. ఎంతమంది పిల్లలు, ఏం తింటారు, ఎన్నిసార్లు రుద్దుతారు. భోజలీ ఉందా అన్న ప్రశ్న అందులో లేదు. నాకైనా తోచాల్సింది."

"మొత్తం మందు ఆమే రాసుకుని ఉంటే ఈ క్యాన్సరు వచ్చేదా?"

"ఎవరూ చెప్పలేరు. నీ మచ్చ గుడాకు మానినందుకే పోయి ఉండొచ్చు కూడా. ఆ సంగతి తెలుసుకోవడానికే కదా ఈ పరిశోధన."

"తెలిసిందా?"

"లేదు" అంది.

జీపు దగ్గరకు వెళ్లి బక్షీతో మాట్లాడింది. అతని జవాబు నాకు అరుగు మీదికే వినిపించింది. "ఆరు నెలల తర్వాత కథలు చెబుతున్నారా? ట్యూబులు నేనే తూచాను. త్రాసు అబద్ధం చెబుతుందా? రిపోర్టు వెళ్లిపోయింది, ఎక్కు." నా బుగ్గ పట్నాలు తిరగడం ఆ తర్వాతే. ట్యూబులన్నీ కలిసిపోయాయని టిర్కీ తమ డాక్టర్ల కాలేజీకి ఉత్తరం రాసిందట. జవాబు వచ్చిందని ఇంతవరకూ వినలేదు.

భోజలీ కొడుకూ కోడలూ కోతలయ్యాక బట్టీల పనికి వెళ్లారు. కబురు పెట్టాం, రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. నర్సు రోగి పేరు అడిగితే, నోటితో పలకనని కాగితం తీసుకుని రాసిచ్చాను. అరవై మూడేళ్లలో ఆ పేరు నా చేతి మీదుగా రావడం అదే మొదలు. అక్షరాలు వంకర పోయాయి.

ఆపరేషన్ ముందురోజు పొద్దున మంచం పక్కన కూర్చుని చెప్పేశాను. పద్దెనిమిదే మందని. తీపిదే మందని. ఆమె మందు సగం నేను తిన్నానని.

భోజలీ నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది.

"ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నారా ఇది? అందుకే మొహం ఎండిన చేపలా ఉంది" అంది. "వినండి. ఆ మందు మొత్తం నాకే పోసినా ఒరిగేదేమీ లేదు. నేను గుడాకు ఒక్క పూటా మానలేదు."

"అబద్ధం."

"మా ధాన్యం పోసే మట్టి కోఠీ వెనక ఆరు నెలలుగా డబ్బా ఉంది. మీరు అటు తిరగ్గానే రుద్దేదాన్ని. మీ మందు దాని మీదే పూసుకున్నాను. మీకు కళ్లు లేకపోతే నేనేం చేసేది?"

ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. పక్క మంచం ఆమె లేచి కూర్చుని, ఇంత మర్యాదగా తిట్టుకునేవాళ్లను ఎక్కడా చూడలేదంది. తిడుతుంటే నా గుండెల మీది బండ కాస్త కదిలినట్టనిపించింది. అనిపించినందుకు సిగ్గేసింది.

అంతలో నర్సు వచ్చి ఆస్పత్రి కార్డు ఏదంది. హడావిడిలో కార్డు ఇంట్లో మరిచిపోయాం. దొరికిన మొదటి బస్సుకు నేనే బయలుదేరాను. వాళ్లింటి తాళంచెవి నా కొంగునే ఉంది. నేను ఊరికి పోతున్నానని తెలియగానే భోజలీ, "కార్డు పెట్టెలోనే ఉంటుంది, కోఠీ దాకా పోనక్కర్లేదు" అంది. రెండుసార్లు అంది.

కార్డు పెట్టెలోనే ఉంది. అయినా కోఠీ దాకా పోయాను. గోడకూ కోఠీకీ మధ్య చెయ్యి పెట్టి వెతికితే డబ్బా తగిలింది. బయటకు లాగి కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. పైన వేలు పెడితే గీత పడేంత దుమ్ము ఉంది. మూత చుట్టూ అతికించిన కాగితం పట్టీ ఎక్కడా చిరగలేదు. అడుగున అచ్చువేసిన తయారీ నెల చదివాను. మేం గుడాకు మానిన నెల. కొని, దాచి, మూత తీయలేదు.

చదవడం రాకపోయి ఉంటే బాగుండుననిపించింది. ఆ మాట నాకు అనిపించడం అదే మొదటిసారి.

సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లాను. మర్నాడు పొద్దున ఆమెను బల్ల మీద లోపలికి తోసుకుపోయారు. తలుపు రెక్కలు మూసుకున్నాక కూడా నేను అక్కడే నిలబడి ఉంటే, అడ్డం తప్పుకోమని అటెండరు నెట్టాడు. మధ్యాహ్నానికి బయటకు తెచ్చారు. తలంతా కట్టు. ముక్కులో గొట్టం. బతుకుతుందన్నారు. మాట స్పష్టంగా రావడానికి నెలలు పడుతుందన్నారు.

సాయంత్రం ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. తర్వాత నా చేతుల వైపు చూసింది. ఊరికి వెళ్లొచ్చానని ఆమెకు గుర్తుంది. ఏం చూసొచ్చానో తెలుసుకోవాలని ఉంది.

"చూశాను మీ డబ్బా" అన్నాను, వార్డంతా వినపడేలా. "అడుగుదాకా గోకేశారు. సిగ్గు ఉండాలి మనిషికి. అంత మంచి మందు తీసుకెళ్లి దాని మీద పూసి పాడుచేశారు. మీతో పంచుకున్నందుకు నాకు బుద్ధి లేదు."

భోజలీ వంక చూశాను. కట్టు వల్ల మొహంలో ఏమీ కనపడలేదు. తర్వాత సూది గుచ్చని చెయ్యి మెల్లగా ఎత్తి, చూపుడు వేలితో కట్టు ముందు గాలిలో పళ్లు రుద్దుకున్నట్టు చూపించి, అరచెయ్యి నా ముందు చాపింది.

"చచ్చినా ఇవ్వను" అన్నాను. డబ్బా నా కొంగు ముడిలోనే ఉంది. ముడి ఇంకోసారి బిగించుకున్నాను.